గోడ దాటని వేడినీళ్ళు

ఆ వీధిలో అందరూ ఆమెను ఫిట్టరమ్మ అనే పిలుస్తారు. పెళ్ళయినా, పిల్ల పుట్టినా ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. చదువు ఆగిపోయిన ఏడు మేనమామ వెంట పైపులు మోయడానికి వెళ్ళింది. ఆయన చేతిలోని పానా తన చేతికి ఎప్పుడొచ్చిందో ఆమెకే గుర్తులేదు.

సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని, తన కూతురు బుజ్జి పగలంతా ఉండే శిశు కేంద్రం డాబా మీద సోలార్ హీటరు బిగించడం. అక్కడ ఆయమ్మ పొయ్యి మీద మరిగిన నీళ్ళు బకెట్లో మోసుకొస్తుంటే పాకే పిల్లలు కాళ్ళకు అడ్డం పడతారు. ఆ బకెట్ తలుచుకుంటేనే ఫిట్టరమ్మకు భయం. కొళాయిలోనే వేడినీళ్ళు వస్తే ఆ భయం వదులుతుంది.

తీరా చూస్తే, డాబా మీద ఎండ పట్టే పలక పెనంలా కాలుతోంది గానీ, ట్యాంకులో నీళ్ళు మాత్రం చల్లగానే ఉన్నాయి.

"రేపటికి వేడినీళ్ళు రాకపోతే విప్పించేస్తానమ్మా, ఏమీ అనుకోకు," అంది కేంద్రం నడిపే మేడమ్. "మోటారు అక్కర్లేదు, నీళ్ళే ఎక్కుతాయన్నావు. ఏవీ, ఎక్కవేం?"

ఫిట్టరమ్మ పైపుల వంక మళ్ళీ చూసింది. మామయ్య నేర్పినట్టే పలక కింద, ట్యాంకు పైన పెట్టింది. పలకలో కాగిన నీళ్ళు ఒక పైపులో పైకెక్కాలి, ట్యాంకు అడుగునున్న చన్నీళ్ళు ఇంకో పైపులో పలకలోకి దిగాలి. తప్పెక్కడ?

దిగాలుగా కిందికి దిగేసరికి బుజ్జి స్నానాల తొట్టిలో నిలబడి రాగం తీస్తోంది.

"అమ్మా, కాళ్ళకి చలీ!"

"చలేంటే, వేషాలు కాకపోతే! ఇంత వెచ్చగా ఉంటే," అంది ఆయమ్మ నీళ్ళ పైపైన వేళ్ళు ఆడిస్తూ.

ఫిట్టరమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచింది. పైన వెచ్చన, అడుగున జిల్లుమంది.

"చన్నీళ్ళ మీద వేడినీళ్ళు మెల్లగా పోశావా ఆయమ్మా?"

"మెల్లగా పోయక, నీ కూతురి నెత్తిన కుమ్మరించమంటావా?"

చేత్తో కలియబెడుతూ ఫిట్టరమ్మ ఠక్కున ఆగిపోయింది. వేడెక్కిన నీళ్ళు ఉబ్బుతాయి. అంతే చోటులో పట్టే నీళ్ళ బరువు తగ్గుతుంది. అందుకే చన్నీళ్ళ మీద తేలుతాయి. తేలేవాటిని కిందికి రమ్మంటే వస్తాయా?

ఒక్క ఉదుటున డాబా ఎక్కింది. పలకకూ ట్యాంకుకూ నడుమ పిట్టగోడ ఉంది. గోడ పాడవకూడదన్న మేడమ్ మాట విని, వేడినీళ్ళు ఎక్కే పైపును దాని మీదుగా వంచి అవతలికి దించింది. ఆ వంపు ఎంత నున్నగా వచ్చిందో అని మురిసిపోయింది కూడా! ఇప్పుడు తడిమి చూస్తే పైపు వంపు దాకా వేడి, అవతల చల్లన. వేడి నీళ్ళలోంచి వచ్చిన గాలి కూడా ఆ వంపులోనే చేరి దారి మూసేసింది.

"మేడమ్, గోడకు చిల్లు పెట్టాలి."

"మొన్నేగా రంగు వేయించాను!"

"రంగు నేనే వేసిస్తా. పైపు మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉండాలి. పైకెక్కిన వేడినీళ్ళు మళ్ళీ దిగమంటే దిగవు."

"అంత మొండివా?"

"మా బుజ్జి కన్నా మొండివి."

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే, కానీ. చిల్లు చిన్నగా ఉండాలి సుమా!"

మర్నాడు ఎండ బాగా కాశాక ఆయమ్మ కొళాయి తిప్పి, చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అమ్మో! చెప్పొద్దూ, కాలిపోతోంది!"

"అందుకే ముందు చన్నీళ్ళు పట్టి, తర్వాత ఇవి కలపాలి. అడుగుదాకా కలిపి చూశాకే పిల్లల్ని దించాలి," అంది ఫిట్టరమ్మ.

మరిగే నీళ్ళు మోసిన బకెట్ మూలన బోర్లించి ఉంది. బుజ్జి దాని మీదెక్కి కూర్చుని, తొట్టిలో చెయ్యి తిప్పుతూ ఆయమ్మకు పాఠం చెబుతోంది: "ఇలా కలపాలి. కిందిదాకా!"