బేస్తారం బొమ్మలు

"మీ పాఠకులు మిమ్మల్ని మరచిపోతున్నారు."

కామారెడ్డిలో ఒక పిల్లల ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా నా ఫోనులో వెలిగిన వాక్యం ఇది. అప్పుడు నా ఏడాదిన్నర కూతురి చేతికి సెలైన్ సూది ఉంది. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. ఆ సందేశం పంపింది మనిషి కాదు, నేను బొమ్మల కథ పెట్టే యాప్. ఆ వారం కథ పెట్టలేదు కాబట్టి దానంతటదే పంపింది. వాక్యం పక్కన ఏడుస్తున్న ముఖం బొమ్మ ఒకటి. నా పిల్ల ఏడుపు చాలదన్నట్టు!

ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. డాక్టరు నంబరు అందులోనే ఉందని ఆగాను.

నా కథలో ఒక కోడి, దాని ఒక్కగానొక్క పిల్ల ఉంటాయి. కోడి డిగ్రీ చదివింది కానీ దానికి అన్నిటికీ భయమే. పిల్ల తుమ్మితే గద్ద వచ్చిందనుకుంటుంది. ఆ కోడి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కూతురు మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఫోను మీద వేలితో గీసేదాన్ని. కథ పేరు కింద "ప్రతి బేస్తారం" అని రాసుకున్నాను. గురువారాన్ని మా వైపు అలాగే అంటాం. గుంటూరు వైపు నుంచి ఒకామె, "బేస్తారం అంటే రచయిత్రి పేరా అండీ?" అని అడిగింది. కింద కామెంట్లలో అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను "బేస్తారం అక్క"నైపోయాను. ఇంట్లో నన్ను కోడలా అనో, పాప వాళ్లమ్మా అనో పిలుస్తారు. ఈ పేరు మాత్రం నేను చేసిన పనికి వచ్చింది. అందుకే ముద్దుగా దాచుకున్నాను.

రోజంటూ ఒకటి కుదిరితే ఏమవుతుందో నా కళ్లారా చూశాను. మొదట్లో వీలైనప్పుడల్లా పెట్టేదాన్ని. చదివినవాళ్లు చదివి, మాట్లాడకుండా పోయేవారు. బేస్తారం సాయంత్రం అని మాటిచ్చాక వాళ్లు ఒకేసారి రావడం మొదలైంది. నాకంటే ముందే వచ్చి, ఈసారి కోడి దేనికి భయపడుతుందో పందేలు కాసుకునేవారు. ఆర్మూర్‌లో ఒక నర్సు డ్యూటీ మధ్యలో చాయ్ తాగుతూ చదివేది. వాళ్లు కథ కోసమే రాలేదు, ఆ వేళకు అక్కడ నలుగురు కలుస్తారని కూడా వచ్చారు. ఆ సందడి నాకూ కావాల్సి వచ్చింది. కాదనను.

అయితే ఆ సందడికి అంత ఖరీదు ఉంటుందని ఎవరైనా చెప్పారా? పిల్ల ఆసుపత్రిలో ఉండగా రెండు బేస్తారాలు తప్పాయి. ఇంటికొచ్చి తెరిచి చూస్తే, "చెప్పిన రోజు పెట్టలేనప్పుడు చెప్పడమెందుకు?" అని ఒకరు రాశారు. "నాలుగు లైకులు రాగానే మేడంకు పొగరొచ్చింది" అని ఇంకొకరు. పొగరట! తడిగుడ్డ చేతిలో పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నదాన్ని పట్టుకుని అంటున్న మాట! పైగా తర్వాతి బేస్తారం కళ్లు మండుతున్నా గీసి పెడితే సగం మందికి కూడా చేరలేదు. క్రమం తప్పినవాళ్లను యాప్ అడుక్కి తోసేస్తుందట. నాకు జ్వరం వచ్చినా, పిల్లకు జ్వరం వచ్చినా దానికి ఒకటే.

మా ఆయన నన్ను ఓదార్చాలనే అనుకున్నాడు.

"ఏమే, ముందుగాల్నే ఓ పది గీసి పెట్టుకుంటే అయిపాయె గదా. పెద్ద పెద్దోళ్లంత గట్లనే జేస్తరట."

"పిల్ల వచ్చేవారం ఏం జేస్తదో నాకెట్ల తెలుస్తది? ఫిట్స్ వస్తయని ముందుగాల్నే గియ్యాల్నా?"

పాపం, పిల్లను ఎత్తుకుని బయటికి పోయాడు. నా కోపం అతని మీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది అతనే.

పిల్ల తేరుకునేదాకా ఉందామని ఎల్లారెడ్డిలో అత్తమ్మ దగ్గరికి వెళ్లాం. అక్కడా నా చెయ్యి పిల్ల నుదుటి మీదో, ఫోను మీదో ఉండేది. అత్తమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు బర్రె కింద పేడకళ్లు ఎత్తుతూనే అడిగింది.

"ఏంది బిడ్డా, ఆ ఫోన్‌తోని కొట్లాట పెట్టుకున్నవా?"

"చెప్పిననాడు బొమ్మలు పెట్టలేదని తిడుతున్నరు అత్తమ్మా."

"పైసలిచ్చి చూస్తున్నరా?"

"లేదు, ఉత్తగనే."

"ఉత్తగ చూసేటోళ్లకు గంత రోషమా!"

అప్పుడే పక్కింటామె చేతిలో ఖాళీ గిన్నెతో గేటు దగ్గర నిలబడింది. "ఏం వదినె, ఇంకా ఈనలేదా నీ బర్రె? ప్యాకెట్ పాల చాయ్ తాగి తాగి నాలిక సచ్చిపాయె."

"నన్నడిగితే నాకేం ఎరుక? పోయి దాన్నే అడుగు."

"అడిగిన. కొమ్ములు చూపిచ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ బర్రె మీద నాకు అసూయ కలిగింది. ఆ వాడకట్టులో కొన్ని ఇళ్లకు అత్తమ్మ పాలు వాడుక పోస్తుంది. బర్రె చూడితో వట్టిపోయే ముందు ఇంటింటికీ వెళ్లి, "ఈనినంక తెస్త" అని చెప్పి వచ్చింది. అంతే. ఏ రోజో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈనాక మొదటి జున్నుపాలు ఆ ఇళ్లకే పోతాయి. కొందరు ప్యాకెట్లకే అలవాటుపడి మళ్లీ రారు. వాళ్ల మీద అత్తమ్మకు పగ లేదు. వాళ్లకు జున్ను మాత్రం పోదు. బర్రెకు పొగరొచ్చిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. కనబోయే బర్రెకు దొరికిన గౌరవం కన్నదాన్నైన నాకు దొరకలేదు!

"దానికున్నపాటి సెలవు నీకు లేకపాయె బిడ్డా" అంది అత్తమ్మ, నా మొహం చూసి.

ఆ మధ్యాహ్నమే గీశాను. కోడి వెళ్లి బర్రె ముందు కూర్చుంటుంది. "ఏ రోజు ఇస్తావో చెప్పమని నిన్ను ఎవరూ అడగరా?" అంటుంది. "అడుగుతరు, కొమ్ములు చూపిస్త" అంటుంది బర్రె. కింద నా మాటగా రాశాను: "పిల్లకు బాగాలేక రెండు వారాలు రాలేకపోయాను. ఇకమీద రోజు మాట ఇవ్వను. ఈనినంక తెస్తాను. ఆగి ఉన్నవాళ్లకు జున్ను." అది మంగళవారం. అయినా పెట్టేశాను.

కొందరు పోయారు. ఒకాయన మర్యాదగానే రాశాడు: "రోజు తెలియకపోతే నేను మరచిపోతానండీ, నన్ను తప్పుపట్టకండి." ఆయన మాట నిజం. రోజంటూ లేని ఒక బొమ్మల కథను నేనూ కొన్నాళ్లు వెతికి వెతికి, ఒకనాడు వెతకడం మానేశాను. అలా మానినవాళ్ల మీద నాకు కోపం లేదు. తిట్టిపోయినవాళ్ల మీద ఉంది. మనుషులకు మరపును నూరిపోసి, దాన్ని నా తప్పుగా నాకే చెప్పే ఆ యాప్ మీద ఇంకా ఎక్కువ ఉంది.

పందేలు కాసే సందడి పోయింది. దాని బదులు ఒకటీ అరా మాటలు వస్తున్నాయి. ఆర్మూర్ నర్సు రాసింది: "గిన్నె కడిగి పెట్టుకున్న అక్కా." గుంటూరు వైపు ఆమె రాసింది: "మంగళవారం వచ్చినా మీరు బేస్తారం అక్కేనండీ."

యాప్ మాత్రం వదలడం లేదు. కథ పేరు కింద "ప్రతి బేస్తారం" తీసేసినందుకు, విడుదల రోజు ఎంచుకోమని వారంలోని రోజులన్నీ వరసగా చూపిస్తోంది. ఎంచుకోలేదని నా పేరు పక్కన ఎర్రటి అక్షరాల్లో "వివరాలు అసంపూర్ణం" అని పెట్టింది. ఏదో ఒక రోజు మీద వేలు పెడితే ఆ ఎరుపు పోతుందట.

పెట్టలేదు. ఆ వేలు ఇప్పుడే పిల్ల నుదురు తాకి వచ్చింది. చల్లగా ఉంది.