అంగీ లేని అల్లుడు

మావాడు నెలలు నిండకుండానే పుట్టాడు. సూర్యాపేటలో కాన్పు సమయానికి నా భార్యకు ఫిట్స్ వచ్చాయి. ఆమె అక్కడే ఐసీయూలో ఉండిపోయింది. పిల్లవాడికి గాజు పెట్టె మిర్యాలగూడ దవాఖానలో ఖాళీ ఉందంటే వాణ్ని అక్కడికి తీసుకుపోయాం. తల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఒక ఊళ్లో. వాడి పాదం నా బొటనవేలంత ఉండేది. చూస్తే భయం, చూడకపోతే ఇంకా భయం.

ఊపిరి కుదుటపడ్డాక పెట్టెలోంచి తీశారు గానీ, ఒళ్లు మాటిమాటికీ చల్లబడేది. బరువు పెరగడం లేదు. సిస్టర్ నా దగ్గరికి వచ్చి, "తల్లి ఇక్కడ లేదు కదా, మీరే అంగీ విప్పి కూర్చోండి. బిడ్డను ఛాతీకి ఆనించుకోవాలి" అంది.

"నేనా?"

"మరి నేనా?"

కోదాడలో నాకు మోటార్లు బాగుచేసే షాపుంది. ఎవరితోనైనా గొంతు పెంచి మాట్లాడగలను. కానీ అంతమంది బాలింతల మధ్య బనియను కూడా లేకుండా కూర్చోవడమంటే చెమటలు పట్టాయి.

అంతకన్నా పెద్ద చిక్కు మా అత్త. ఆమెది పెన్‌పహాడ్, గొర్రెల మధ్యే పుట్టి పెరిగింది. పెళ్లయి ఇన్నేళ్లయినా నా ఎదుట కూర్చునేది కాదు, నాతో నేరుగా మాట్లాడేది కాదు. చెప్పాల్సిందేదో తలుపుకో గోడకో చెప్పేది, నేను వినాలి. ఆరోజు సిస్టర్‌కు చెప్పింది.

"వద్దు బిడ్డా. పుట్టిన గొర్రెపిల్లను మనిషి ఎక్కువ పట్టుకుంటే, ఆ వాసనకు తల్లి దగ్గరికి రానియ్యది, తంతది. నా బిడ్డ ఇంకా వీని మొఖమే సూడలే. రేపొచ్చి నాకొద్దంటే ఏం జెయ్యాలె?"

నాకు ఒళ్లు మండింది. "వాళ్ల కూతురు గొర్రె కాదని చెప్పండి సిస్టర్" అన్నాను, నేనూ నేరుగా కాకుండానే.

"ముందు బిడ్డ బతకాలి కదమ్మా" అంది సిస్టర్.

తెర అడ్డం లాగి, వాణ్ని నా ఛాతీ మీద పడుకోబెట్టారు. బరువే తెలియలేదు. నా గుండె అంత గట్టిగా కొట్టుకుంటుంటే వాడికి నిద్ర పడుతుందా అనుకున్నాను. కాసేపటికి ఆ చల్లటి పాదాలు వెచ్చబడ్డాయి. నేను ఏడ్చాను. దాచేదేముంది, వెక్కివెక్కి ఏడ్చాను.

మర్నాడు అత్త మొదటి బస్సుకే సూర్యాపేట వెళ్లి, కూతురు కప్పుకుంటున్న నూలు చీర పట్టుకొచ్చింది. తల్లి వాసన బిడ్డకు తెలియాలట. ఉతకని బట్ట బిడ్డ ఒంటికి తగలకూడదని సిస్టర్ పట్టుబట్టింది. చాలాసేపు వాదించుకుని ఒక ఒప్పందానికి వచ్చారు: లోపల దవాఖాన వాళ్ల శుభ్రమైన గుడ్డ, దానిమీద చీర. ఇంతలో సిస్టర్‌ను ఇంకో బిడ్డ దగ్గరికి పిలిచారు. కట్టడానికి అత్తే మిగిలింది.

ముఖం కిటికీ వైపు తిప్పుకుని, నా చుట్టూ చీర చుట్టి, గడ్డిమోపు కట్టినట్టు ముడి వేసింది. "జర పైలంగ పట్టుకోవాలె" అని కిటికీకి చెప్పింది.

అప్పట్నుంచి అదే ఆమె పని. నా చుట్టూ ఉన్న చీర తీసుకుపోయి కూతురికి కప్పేది, కూతురు కప్పుకున్నది తెచ్చి నాకు కట్టేది. నేను నవ్వుకునేవాణ్ని. వాడు మాత్రం మెల్లమెల్లగా బరువు పెరిగాడు.

చివరికి నా భార్య వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. వాణ్ని ఆమె ఛాతీకి ఆనిస్తే గుక్కపట్టి ఏడ్చాడు. గుమ్మం దగ్గర అత్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. గొర్రెల మాట ఉత్తదని వాదించిన నేను కూడా ఆ నిమిషం నమ్మాను.

నా భార్య వాడి తల మీద ముక్కు ఆనించి కళ్లు మూసుకుంది. "వీని వాసన నాకెరుకే. చీరల రోజూ నా పక్కనే పండుకున్నడు గద" అంది. వాడు వెతుక్కుని వెతుక్కుని రొమ్ము పట్టుకున్నాడు.

అత్త ఉన్నచోటే, నా ఎదురుగానే, నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చి కళ్లు తుడుచుకుని, మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"కొడుకా, ఇగ అంగి తొడుక్కో" అంది.