కవరు అతికించేముందు

1965లో, యుద్ధం మొదలైన నెలలోనే, నన్ను అల్లూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెల తపాలా చూసే ఒక సబ్ పోస్టాఫీసుకు సిగ్నలరుగా వేశారు. తంతి టకటకలు విని టెలిగ్రాం రాసుకోవడం, కవరులో పెట్టి అతికించడం నా పని. అందులో ఏముందో చిరునామాదారుకు తప్ప ఎవరికీ చెప్పకూడదు, పట్టుకెళ్లే పోస్ట్‌మ్యాన్‌కు కూడా. కుర్రతనం, రూలంటే నాకు వేదం.

మొదటి వారంలోనే రమణమ్మ గారికి టెలిగ్రాం వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు శీనయ్య పటాలంలో ఉన్నాడు. 'క్షేమంగా చేరాను' అని ఇంగ్లీషులో రెండే ముక్కలు. అతికించి పంపేశాను. మా వైపు టెలిగ్రాం అంటే చావు కబురే. కవరు చూడగానే ఆమె గుండెలు బాదుకుంది. వీధంతా శోకాలు, పొయ్యిలో నీళ్లు పోసేశారు. ఇంగ్లీషు చదవగల బడిపంతులు పొలం నుంచి వచ్చేసరికి ఆమె గోడకేసి కొట్టుకున్న తల నుంచి నెత్తురు కారుతోంది. ఛీ, నాదీ ఒక ఉద్యోగమేనా అనిపించింది.

మర్నాడు పొద్దున సబ్ పోస్టుమాస్టరు దేవదానం గారు నన్నూ, ఇద్దరు పోస్ట్‌మ్యాన్లనూ నిలబెట్టారు. ఆయన మాటలకు మహా పిసినారి. ఆ రోజు మాట్లాడింది అర నిమిషం.

"యుద్ధం అయ్యేదాకా ఇదే ఆర్డరు. కవరు అతికించేముందు పట్టకపోయే మనిషికి చెప్పాల. ఆ మనిషి గడపలో నిలబడి, కాగితం ఇయ్యకముందే, బిడ్డ ఉండాడో లేడో చెప్పాల. మంచైనా, చెడైనా. పైనోళ్లు అడిగితే దేవదానం చెప్పినాడనండి. పోండి, పని చూసుకోండి."

ఉద్యోగం ఊడే మాట అది. ఆయన ఇంట్లో నలుగురు చిన్నపిల్లలు.

రెండు వారాలకు మళ్లీ రమణమ్మ గారికే టెలిగ్రాం. ఈసారి రాస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. విషయం చెబితే పోస్ట్‌మ్యాన్ మస్తానయ్య తనవల్ల కాదన్నాడు. నేనే సైకిలెక్కాను. దారి పొడవునా దేవదానం గారిని తిట్టుకున్నాను. కాగితం చేతిలో పెట్టి వచ్చేస్తే పోలా!

ఆమె చేట పక్కన పెట్టి నవ్వుతూ ఎదురొచ్చింది. "ఈసారీ ఏడస్తాననుకున్నావా అబ్బయ్యా? ఏడవనులే. ఇయ్యి."

కాగితం ఇస్తే, పంతులు వచ్చేదాకా ఆమె అలా నవ్వుతూనే ఉంటుంది.

"లేడమ్మా," అన్నాను. "శీనయ్య లేడు."

ఆమె నన్నే చూస్తూ గడపలో కూలబడింది. నా చెయ్యి పట్టుకుని, అయినవాళ్లు వచ్చేదాకా వదల్లేదు.

దినాలు అయ్యాక ఆఫీసుకొచ్చి దేవదానం గారితో అంది. "నా బిడ్డ కబురు ఊరంతా తిప్పకుండా నాకే ముందు చెప్పినాడయ్యా ఈ అబ్బయ్య. అది చాలు నాకు." ఆయన తలూపి, ఆమెకు కుర్చీ వేయించారు.

తరవాత ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పైఅధికారుల ఉపన్యాసాలు బోలెడు విన్నాను, ఒక్కటీ గుర్తులేదు. ఆ అర నిమిషం మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. అలాంటి మనిషి కింద పని నేర్చుకోవడం నా అదృష్టం. చెడ్డ కబురు తెలిసినవాడు ఎదురుగా నిలబడి తన నోటితో చెప్పాలి, కాగితానికి అప్పగించి తప్పుకోకూడదు. నేను నేర్చుకున్నది ఇదే.