పెట్టె మీద నీలం టేపు

మా పక్కింటి అంకుల్ పోయారు. పొద్దున ఓక్‌విల్ స్టేషన్‌లో టొరంటో రైలు కోసం నిలబడి ఉంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారంది. రైలు వచ్చింది, వెళ్లిపోయింది. నేను కారు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఇక మా వీధిలో తప్పులు పట్టేదెవరు అని దారంతా అదే ఆలోచన.

తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం. కార్ల ఫ్యాక్టరీలో పెయింట్ ఇన్‌స్పెక్షన్. ట్యూబ్‌లైట్ల సొరంగంలోంచి కొత్త కార్లు వరసగా వస్తుంటే, గీత ఉన్నచోట, మచ్చ ఉన్నచోట నీలం టేపు ముక్క అంటించాలి. రిటైరయ్యాక ఫ్యాక్టరీని వదిలారు గానీ టేపుని వదల్లేదు. మా గృహప్రవేశానికి చేతిలో పండ్ల పళ్లెంతో, జేబులో టేపు చుట్టతో వచ్చారు. వ్రతం ముగిసేసరికి మా కొత్త గోడలకి అమ్మవారు పోసినట్టుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బిల్డర్ మనిషి వచ్చి, మారుమాట్లాడకుండా అన్నీ సరిచేసి వెళ్లాక, మనసు కరిగి ఆయనకి పాయసం పట్టుకెళ్లాను. "యాలకులు ఎక్కువయ్యాయమ్మా" అన్నారు. గిన్నె మాత్రం ఖాళీ చేసిచ్చారు.

ఏది చెప్పినా "లైట్ కింద చూద్దాం" అనేవారు. కొత్త జాబ్ ఆఫర్ వచ్చిందంకుల్ అన్నా అదే మాట.

పక్కింటివాళ్లం కాబట్టి మేం నవ్వుకునేవాళ్లం. ఆంటీకి అది నవ్వులాట కాదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇంటిముందు డ్రైవ్‌వేలో ముగ్గు వేస్తే, ఆయన డ్యూటీకి వెళ్తూ "ఆ చుక్క పక్కకి పోయింది" అన్నారట. ఆవిడ మళ్లీ ముగ్గు జోలికి పోలేదు. కుట్టుమిషనూ అలాగే మూలపడింది. అందుకే కమ్యూనిటీ సెంటర్‌లో స్టెయిన్డ్ గ్లాస్ క్లాసుకి వెళ్తూ కూడా లైబ్రరీకని చెప్పేవారు. వేసవిలో వాళ్ల పెరటి కంచె మీద పాకే బీరపాదునే రంగుగాజుతో చేశారు. ఆకుపచ్చ ముక్కల ఆకులు, మధ్యలో లేత పసుపు పువ్వు. దాన్ని పాత నేతచీరలో చుట్టి షూ ర్యాక్ వెనక దాచారు.

ఈ చలికాలం మొదట్లో స్నో బూట్లు వెతుకుతూ అంకుల్ దాన్ని బయటికి తీశారు. అటూ ఇటూ తిప్పి చూసి, "దీని వెనక లైట్ ఉండాలి" అన్నారట. అంతే. మర్నాడే గరాజ్‌లో దానికోసం లైట్లుండే చెక్కపెట్టె పని మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం ఆంటీ నన్ను పిలిచి గొంతు తగ్గించారు. "పెద్దాకు చివర సన్నగా పగిలిందే, ముక్కలు అతకడానికి సోల్డరింగ్ చేసేటప్పుడు. మామూలుగా చూస్తే తెలీదు. వెనకనుంచి లైట్ పడిందంటే వెంట్రుకలా మెరుస్తుంది. దానిమీద ఆయన టేపు అంటించారంటే, నేనింక గాజు ముట్టుకోను. నువ్వూ వచ్చి నిలబడమ్మా. నువ్వుంటే ఆయన నోరు కాస్త అదుపులో ఉంటుంది."

అలా నేనూ ఆ పనిలో చేరాను. పైన్ చెక్కలు కోసి, మూలలు బిగించి, వెలుగు అంతటా పరుచుకోవాలని లోపలంతా తెల్ల పెయింట్ వేశాం. వెనక పలకకి ఎల్‌ఈడీ పట్టీలు, వాటి ముందు పాలరంగు ప్లాస్టిక్ షీటు, దాని ముందు గాజు దిగే గాడి. నేను సాండ్‌పేపర్ రుద్దిన ప్రతిచోటా టేపు పడింది. పెట్టె మరీ పలచగా కనిపించి, "ఇంకొంచెం లోతుండాలేమో అంకుల్" అన్నాను.

"హాల్‌వే ఇరుకమ్మా. వస్తూ పోతూ మీ ఆంటీ భుజానికి తగులుతుంది" అన్నారాయన.

ఒక ఆదివారం పెట్టె గోడకెక్కింది. ఐదు కాకముందే బయట చీకటి. గాజుని గాడిలోకి దించుతుంటే ఆంటీ స్వెట్టర్ అంచు నలుపుతూ మా వెనక నిలబడ్డారు. అంకుల్ అలవాటుగా జేబులోంచి టేపు చుట్ట తీశారు. ఆయన స్విచ్ వేశారు.

పాదు వెలిగింది. చూడకూడదనుకున్న నాకే ముందుగా ఆ పగులు కనిపించింది. ఆవిడ చెప్పినట్టే వెంట్రుకలా మెరుస్తోంది. పసుపు పువ్వులోంచి ఎల్‌ఈడీలు చుక్కలు చుక్కలుగా బయటపడుతున్నాయి.

అంకుల్ కళ్లద్దాలు సర్దుకుని, పై మూలనుంచి మొదలుపెట్టారు. ఒక వరస అడ్డంగా చూడటం, కిందికి దిగడం, మళ్లీ అడ్డంగా చూడటం. ఆయన చూపు పెద్దాకు దగ్గరకి వచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. టేపు చిరిగిన చప్పుడైంది. ఆంటీ వంటింట్లోకి వెళ్లిపోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆయన టేపు ముక్కని పెట్టె కింది అంచున, చెక్క మీద అంటించారు.

"లోతు చాల్లేదు. చుక్కలు కనపడుతున్నాయి. తప్పు పెట్టెది" అన్నారు. టేపు చుట్ట జేబులో వేసుకుంటూ, "గాజు బాగుంది" అన్నారు.

ఆంటీ వెళ్లి టీ పెట్టుకొచ్చారు. పంచదార వెయ్యడం మర్చిపోయారు. అంకుల్ అదేమీ ఎత్తకుండా తాగేశారు. అంతకాలం ఆయన మీద దాచుకున్న చిరాకంతా నాకు ఆ కప్పుతోనే పోయింది. తర్వాతి వారం ఆంటీని క్లాసుకి కారులో దింపింది ఆయనే.

ఎండలొచ్చాక లోతుగా ఇంకో పెట్టె చేద్దామన్నారు. ఇంకా మంచు కరగనే లేదు.

ఇవాళ వాళ్లింటి నిండా జనం. హాల్‌వే సర్దుతున్న వాళ్లమ్మాయి "మామ్, దిస్ కెన్ కమ్ ఆఫ్, రైట్?" అంటూ గోటితో టేపు అంచు లేపబోయింది. పొద్దుటినుంచీ నోరు విప్పని ఆంటీ "దాన్ని ముట్టుకోకు" అన్నారు. అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

తర్వాత ఆంటీ నా పక్కకి వచ్చి మెల్లగా అడిగారు. "ఆ పగులు ఆయనకి కనపడలేదంటావా?"

"అన్నేళ్లు లైట్ల కింద నిలబడిన మనిషి ఆంటీ. కనపడకుండా ఎలా ఉంటుంది?"

ఆవిడ తలూపారు. అప్పుడు ఏడ్చారు.

నేను బయల్దేరేసరికి ఎవరో పెట్టె స్విచ్ వేశారు. బూట్లు వేసుకుంటూ వెనక్కి చూశాను. పసుపు పువ్వులో చుక్కలు, కింద నీలం టేపు. ఇరుకు హాల్‌వేలో వచ్చేపోయేవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుంటున్నారు. ఆంటీ వాళ్లకి దారిస్తూ, గోడవారగా, పెట్టె ముందునుంచి వంటింటి వైపు నడిచారు. ఆవిడ భుజం పెట్టెకి తగల్లేదు.