గంధం రంగు అంగి

“...అన్ని అంటే అన్ని ఇయ్యాలవ్వా. ఒకటి దాసుకొని ఒకటి ఇచ్చుడేంది?”

“దాసుకుంటలేనే. ఆ పెట్టె నేను సదురుకుంట. నువ్వు లే” అంది తల్లి.

“పొద్దటి సంది గదే అంటున్నవ్. ఎంకయ్య కాక వచ్చి కూసున్నడు బయట.”

ఎల్లారెడ్డిలో ఆ వాడ ఇండ్ల గోడలు పలుచన. అరుగు మీద కూర్చున్న ఎంకయ్య ఏమీ విననట్టు చాయ్ తాగుతున్నాడు.

రేపు బాలమల్లు పదో దినం. చనిపోయినవాళ్ల బట్టలు చాకలికి ఇవ్వడం అక్కడ ఇప్పటికీ ఉన్న పద్ధతి. ఎంకయ్య ఇండ్లలో బట్టలు తీసుకోవడం మానేసి బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. అయినా చావు పనికి ఎవరు పిలిచినా వస్తాడు. ఈ ఇంటికీ వచ్చాడు.

బాలలక్ష్మి భర్త బట్టలు ఒక్కొక్కటే మూటలో పెడుతోంది. హమాలీ పనికి కట్టుకుపోయిన లుంగీలు, బస్తాల రాపిడికి భుజాల దగ్గర పలచబడ్డ అంగీలు, తలకు చుట్టుకునే ఎర్ర తువ్వాల. మడిచినదాన్ని విప్పి మళ్లీ మడుస్తోంది. కూతురు శ్రీలత కామారెడ్డిలో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆమెకు ఈ ఆలస్యం ఓర్వడం కష్టంగా ఉంది.

“గిట్ల మడిస్తే మా సేటు నిన్ను పొద్దుగూకకముందే ఎల్లగొడ్తుండె.”

“మీ బాపు బట్టలు అమ్మకానికి పెట్టలేదని చెప్పు మీ సేటుకు.”

శ్రీలత నవ్వింది. నవ్వుతూనే పెట్టె దగ్గరికి జరిగి, తల్లి చీరలు పక్కకు తీసింది. అడుగున పాత తువ్వాలలో చుట్టిన అంగీ కనిపించింది. గంధం రంగు. కుడి చేతికి మోచేయి నుంచి మణికట్టు దాకా కుట్టు.

“ఇది ఎంకయ్య కాక పోగొట్టిన అంగి గాదా?”

“మెల్లగ మాట్లాడు” అంది బాలలక్ష్మి.

ఆ బట్ట బాలమల్లు తమ్ముడు రామస్వామి దుబాయి నుంచి తెచ్చింది. ఎల్లారెడ్డి దర్జీల మీద నమ్మకం లేక బాలమల్లు కామారెడ్డి పోయి కుట్టించుకున్నాడు. గుండీలు నచ్చలేదని మళ్లీ పోయి మార్పించుకున్నాడు. పెండ్లిళ్లకు తప్ప తొడిగేవాడు కాదు. ఇంటికొస్తే నీళ్లు కూడా తాగకుండా ముందు దాన్ని విప్పి కొక్కేనికి తగిలించేవాడు.

ఒక వానాకాలం పొద్దున, కూలీల ఆటో వాకిట్లో హారను కొడుతుండగా, బాలలక్ష్మి పనికి వేసుకుపోయే అంగీ తడిసి ఉంది. మక్కజొన్న ఆకు చేతులు కోస్తుందని ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల అంగీలు వేసుకుంటారు. ఎంకయ్య ముందురోజే తెచ్చిన ఇస్త్రీ మూట అక్కడే ఉంది. పైన ఉన్నదాన్ని లాగి తొడుక్కుని ఆటో ఎక్కింది. ఏది లాగిందో ఆటోలో కూర్చున్నాకే చూసుకుంది. జాగ్రత్తగా ఉండి, సాయంత్రం ఉతికి పెడదామనుకుంది. లింగంపేట చేను గట్టు దాటుతుంటే ముండ్లతీగ అంగీ కుడి చేతిని పట్టుకుని చింపింది.

బాలమల్లు అంగీ ఏదని అడిగినప్పుడు ఆమె నోటికొచ్చిన మాట, “మూటల రాలేదు.”

మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికే బాలమల్లు కల్లు దుకాణం దగ్గర అందరి ముందు ఎంకయ్యను నిలబెట్టి అడిగాడు. “దుబాయి బట్ట గదా, మోజు పడ్డవా ఏంది?” అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారట. ఎంకయ్య తనకు బట్టలు వేసే ఇండ్లన్నీ తిరిగి, పొరపాటున కలిసిందేమో చూడమని అడిగాడు. అడిగినకొద్దీ ఆ సంగతి నలుగురికీ తెలిసింది. ముందు బాలమల్లు, తర్వాత మరికొందరు అతనికి బట్టలు వేయడం మానేశారు. ఇస్త్రీ బండి ఆ తర్వాత వచ్చిందే. బస్టాండుకు పోయినప్పుడల్లా బాలలక్ష్మి రోడ్డుకు అవతలి పక్క నుంచి నడిచేది.

బాలమల్లు పోయిన రోజు, పాడె మీద వేయడానికి ఆయనకు ఇష్టమైన బట్టలేమన్నా ఉంటే తెమ్మన్నారు. ఆమె పెట్టె వైపు చూసింది. లేవలేదు.

“వదినె, తొందరేం లేదు” బయటినుంచి ఎంకయ్య అన్నాడు. “అన్న బట్టల్ల ఎట్లయినా ఒకటి తక్కువనే ఉంటది. అది నేను పోగొట్టిందే గదా. ఏ ఇంట్ల కలిపిన్నో ఇప్పటికీ యాదికొస్తలేదు.”

శ్రీలత తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

“ఇది నాకియ్యి. కామారెడ్డి తీస్కపోత. ఎవ్వలకు ఎరుక గాదు. బాపే లేడు, ఇగ అడిగేటోళ్లెవ్వలు?”

బాలలక్ష్మి కుట్టు మీద బొటనవేలితో రాసింది. ఆయన బట్టల్లో చెమట, బస్తాల దుమ్ము అంటనిది ఇదొక్కటే. దీన్ని ఉంచుకోవాలని ఉంది. ఆయన పోయిన రాత్రి నుంచీ ఆ కోరికే ఉంది. ఈ అంగీ ఒక్కటి పెట్టెలో ఉంటే చాలనుకుంది. ఇప్పుడు బయట ఎంకయ్య గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆమె మూట ముడి వేసి, దాన్ని గోడ వారకు నెట్టి, గుమ్మం దాకా పోయింది.

“ఇయ్యాల మూట ఇయ్యను, ఎంకయ్యా. రేపు రా.”

“రేపెట్లయినా వస్త గదా వదినె. వంట బోళ్లు తోమాలె.”

“బోళ్ల సంగతి తర్వాత. తినేటప్పటికి రా.”

ఎంకయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకుని పోయాడు. బాలలక్ష్మి లోపలికి వచ్చి, కూతురు చేతిలోంచి అంగీ తీసుకుని మడిచింది. ఈసారి విప్పలేదు.

“అవ్వా, ఏం జేస్తవ్?” అంది శ్రీలత.

“రేపు కల్లు దుకాణం కాడి మనుషులందరు బువ్వకు వస్తరు. వాళ్ల ముంగట ఇది ఎంకయ్య చేతిల పెట్టి, చింపింది నేనని చెప్త.”