హెలెన్ గారి వాద్యం, నా తొడమీద తాళం

నేను పనిచేసే బేకరీలో బ్రెడ్డు కోసే హెలెన్ గారు నాలుగు వందల ఏళ్లనాటి సంగీతం వాయిస్తారని తెలిసి, ఎనభై నాలుగు అక్టోబరులో ఒక ఆదివారం మా అక్కా నేనూ వినడానికి బయలుదేరాం. కిందటిసారి చేతులు వణికి ఆవిడ మధ్యలోనే ఆపేశారట. "ఈసారీ ఆగిపోతే వాద్యం అమ్మేస్తాను" అని నాతో అన్నారు. నేను ఏడో తరగతిలో ఆగిపోయినవాణ్ణి. ఆగిపోయేవాళ్లంటే నాకు ప్రేమ.

ఒంటిగంటా ఇరవైకి నేపర్‌విల్‌లో రైలెక్కాం. అక్క ఒళ్లో పులిహోర డబ్బా.

"అక్కడ అందరూ సైలెంట్‌గా వింటారటరా. నీ నోటికి ప్లాస్టర్ వేయనా?" అంది.

"వేద్దువుగాని, పులిహోర తిన్నాక."

షికాగోలో దిగి, బస్సులో ఇరవై నిమిషాలు. మూడింటికల్లా ఒక చిన్న చర్చి వెనకగదిలో ఉన్నాం. ముప్పై మడతకుర్చీలు. మైకు లేదు, టికెట్టూ లేదు. గుమ్మం దగ్గర బుట్టలో తోచింది వేయాలి. మీరు వెళితే ముందు వరసలో కూర్చోండి, ఆ వాద్యం గొంతు వెనకదాకా రాదు.

హెలెన్ గారు వాద్యాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నారు. పేగుతో చేసిన తీగలు, గది వేడికే శ్రుతి జారిపోతాయట. చాలాసేపు సవరించుకున్నాక తీగల మీద కమాను కదిలింది. కిటికీ అవతల మేపుల్ చెట్టు ఎరుపు మెల్లగా గదిలోకి దిగుతున్నట్టు, మేమంతా అందులో తేలుతున్నట్టు అనిపించింది. ఒకచోట స్వరం కిందికి జారి, పడబోయి, గాలిలోనే నిలబడింది.

"ఆహా" అన్నాను, పైకే. తొడమీద ఒక దెబ్బ కూడా వేశాను.

గదిలో తలలన్నీ నావైపు తిరిగాయి. అక్క గిల్లింది. కమాను ఆగిపోయింది. హెలెన్ గారి చెయ్యి వణుకుతోంది. ఆవిడ వాద్యాన్ని నేనే అమ్మించేశాను అనుకున్నాను.

ఆవిడ నా తొడవైపు చూశారు. "ఆ దెబ్బ మళ్లీ వేయండి" అన్నారు.

వేశాను. ఆపకుండా వేస్తూనే ఉన్నాను. నాలుగో దెబ్బకు ఆవిడ అందుకున్నారు. చివరిదాకా వాయించారు.

తర్వాత టీ దగ్గర పులిహోర తింటూ, "అమ్మనులెండి" అన్నారు. "వచ్చే నెలా ఆ కుర్చీ మీకే. ఆహా మాత్రం ఆఖర్న."

ఆరూ నలభై రైల్లో అక్క నిద్రపోయింది. ఖాళీ డబ్బా మూతమీద ఆమె వేళ్లు మాత్రం తాళం వేస్తున్నాయి. నేపర్‌విల్ వచ్చింది. లేపబుద్ధి కాలేదు. ఆఖరి స్టేషన్‌లో రైలు ఆగింది, వేళ్లు ఆగలేదు.