రాయికి తగిలిన చప్పుడు

పోయినవాటిని ముందు రాస్తాను. ఒక స్త్రీ కుడిచేతి రెండు వేళ్ళు. ఆ వేళ్ళతో ఆమె చేసుకునే పని. ఒక డ్రైవరుకు తన చేతుల మీద ఉన్న నమ్మకం. ఒక ఎర్ర ప్లాస్టిక్ పడవ. పడవను ఈ లెక్కలో కలపకూడదు. కానీ ఆ రోజు నేను అన్నిటికంటే ముందు ఆలోచించింది దాని గురించే. దాన్ని వదిలేసి రాస్తే ఇదీ ఒక అబద్ధమే అవుతుంది.

ఆరేళ్ళుగా మోస్తున్నాను. పడుకున్నప్పుడు అంత బరువు అనిపించదు. ఎవరైనా వచ్చి 'మీ లెక్క తప్పదు' అన్నప్పుడు బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మాది హోసూరులో అంగడి పెట్టుకుని స్థిరపడిన కుటుంబం. పదో తరగతితో నా చదువు ఆగింది. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. మనిషిని చూసి బరువు చెప్పగలను. ఆ గుణమే నన్ను కయాకుల వైపు తీసుకెళ్ళింది. కయాక్ అంటే తెడ్డుతో నడిపే పొడవాటి పడవ. బెంగళూరులో ఒకాయన ఆరు పడవలు అమ్మేస్తుంటే కొన్నాను. ఆదివారాలు వాటిని పికప్ వ్యాను మీద కట్టి, కృష్ణగిరి దాటాక మత్తూరు వైపున్న ఒక పెద్ద చెరువుకు తీసుకెళ్ళి అద్దెకిచ్చేవాణ్ణి. వచ్చేవాళ్ళలో చాలామంది అంతకుముందు తెడ్డు పట్టి ఎరగరు. ఎవరికి ఏ పడవ ఇవ్వాలో నేనే ఎంచేవాణ్ణి. అందులో నాకు గర్వం ఉండేది.

వ్యాను మునిరాజుది. అది ఆయన అసలు పేరు కాదు. కావేరిపట్టణం మనిషి. ఇద్దరు మోయాల్సిన పడవను ఒక్కడే భుజాన వేసుకుని, గుడ్డును కింద పెట్టినంత మెల్లగా గట్టు మీద దించేవాడు.

జరిగినదానికి మొదలు అంతకు ముందు ఆదివారం. మంచి ఎండాకాలం. పడవలను వ్యాను పైన బోర్లించి పట్టీలతో కట్టింది నేను. పట్టీని బిగించే ఇనుప మీట ఒక్కో పన్ను దాటినప్పుడల్లా టక్కుమంటుంది. మునిరాజు చూసి నవ్వాడు.

"అన్నా, అది పడవన్నా, పారిపోయే దున్నపోతు కాదు. ఎండకు మెత్తబడతాది. అంత బిగించద్దు."

"దారిలో జారి పడితే నువ్వు భుజాన మోసుకొస్తావా?" అన్నాను. ఇంకో రెండు పళ్ళు బిగించాను.

మధ్యాహ్నం హోటలు ముందు ఎండలో వ్యాను నిలిపి భోంచేశాం. సాయంత్రం ఇంటి దగ్గర పడవలు దించి మునిరాజు వెళ్ళిపోయాక చూశాను. ఎర్ర పడవ పక్కన, పట్టీ పడిన చోట లోతుగా సొట్ట. వేడినీళ్ళు పోస్తే సొట్ట లేచింది. లేచిన చోట వేలెడు పొడవున సన్నని పగులు.

వారం మధ్యలో ఆ పడవను దగ్గర్లో ఒక చెరువులో గంటసేపు నడిపి చూశాను. నేనొక్కణ్ణే కూర్చున్నాను. తెచ్చి అంగడి తూకానికి వేలాడదీస్తే రెండు కిలోలు పెరిగింది. గంటకు రెండు లీటర్లు. రెండు గంటలకు నాలుగు. చిన్నప్పుడు నేర్చుకున్న త్రైరాశికం. ఇద్దరిని మోసే పడవకు నాలుగు లీటర్లు ఏపాటి? పగులు మీద టేపు అంటించి సరే అనుకున్నాను.

నేను మరిచింది ఒకటుంది. నేనొక్కణ్ణే కూర్చుంటే పగులు నీటి అంచుకు పైన ఉంది, అల తగిలినప్పుడే నీళ్ళు లోపలికి పోయాయి. ఇద్దరు కూర్చుంటే పగులు నీళ్ళ కిందికి పోతుంది. నీళ్ళు చేరేకొద్దీ పడవ దిగుతుంది, దిగేకొద్దీ నీళ్ళు ఇంకా వేగంగా చేరతాయి. అక్కడ త్రైరాశికం పనికిరాదు. ఇది మరుపు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మరుపే అయితే, అంగళ్ళన్నీ తిరిగి ఎర్ర రంగు టేపే ఎందుకు వెతికి కొన్నాను?

ఆ ఆదివారం మత్తిగిరి నుంచి ఒక జంట వచ్చారు. ఇద్దరూ ఫ్యాక్టరీల్లో పని. ఆమె చిన్న చిన్న భాగాలను వేళ్ళతో పట్టి బిగించే లైనులో ఉండేది. మిగిలిన పడవలన్నీ నీళ్ళలో ఉన్నాయి. చూడగానే అంచనా వేసుకున్నా, నేను అలవాటుగా బరువులు అడిగాను.

"ఆడోళ్ళను బరువు అడుగుతారా అన్నా?" అని ఆమె నవ్వింది. "నన్ను వదిలేయండి. ఈయన్ను మోస్తాదా మీ పడవ, అది చెప్పండి."

మోస్తుందన్నాను. 'ఈ రోజుకు లేదమ్మా' అంటే సరిపోయేది. డబ్బుకు ఆశపడ్డానా? అది చిన్న మొత్తం. నా లెక్క సరిపోయిందన్న నమ్మకం, సరిపోయిన లెక్కను నేనే కాదనడం ఎందుకన్న పంతం. ఆ రెండే.

గంట దాటింది. ఎర్ర పడవ చెరువు అవతల బండల దగ్గర ఉంది. ముక్కు మునుపటంత పైకి లేవడం లేదు. నాకు వెంటనే అర్థమైంది. గట్టు మీద నిలబడి మళ్ళీ లెక్క వేశాను, ఈసారి సరిగ్గా. ఈల వేశాను. వాళ్ళు చెయ్యి ఊపారు. గట్టు వెంబడి పరిగెత్తాను. నా వెనక మునిరాజు. మేం చేరేసరికి పడవ సగం మునిగి పక్కకు ఒరుగుతోంది. ఇద్దరూ దిగేశారు. ఒంటి మీద లైఫ్ జాకెట్లు, నడుము లోతు నీళ్ళు. వాళ్ళకు ఏ ప్రమాదమూ లేదు. నడిచి గట్టెక్కేవాళ్ళు.

అప్పుడు నేను అరిచాను. "పడవ వదలద్దు! పట్టుకోండి!"

ఎందుకు అరిచాను? అది మునిగితే ఎవరో ఒకరు రేపు దాన్ని తీసి, తిరగేసి, టేపు చూస్తారు. నా మనసులో ఉన్నది అదే. ఆరేళ్ళు వెతికినా ఇంకో కారణం దొరకలేదు.

ఆమె నా మాట విని రెండు చేతులతో పడవ అంచు పట్టుకుంది. లోపల నీళ్ళతో అది నూరు కిలోలు దాటి ఉంటుంది. అల తగిలి పడవ ఒక్కసారి దొర్లింది. బండకూ పడవకూ మధ్య ఆమె చెయ్యి.

ఆ కేక గురించి రాయను.

నీళ్ళు ఒంపి పడవను గట్టుకు లాగాం. ఆమె చేతికి భర్త తన చొక్కా చుడుతున్నాడు. వ్యాను తీసుకురావడానికి మునిరాజు పరిగెత్తాడు. ఆ కాస్త సమయంలో నేను వంగి, టేపు పీకి, జేబులో పెట్టుకున్నాను. అవును, ఆమె అక్కడే మూలుగుతుండగా.

కృష్ణగిరిలో ఆసుపత్రి వరండాలో భర్త నా ఎదురుగా నిలబడ్డాడు. పడవకు పగులెట్లా వచ్చిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మునిరాజు ముందుకొచ్చాడు. పొద్దున ఎర్ర పడవను దించుతున్నప్పుడు ఆయన కాలు కొంచెం జారింది. పడవను నేలకు తగలనివ్వకుండా పట్టుకున్నాడు. నేను పక్కనే ఉండి చూశాను.

"అన్నా," అన్నాడు. "పొద్దున నా కాలు జారింది కదా. ఆడ రాయికి ఏమన్నా తగిలిందా? నువ్వు పక్కనే ఉన్నావు. నాకు తెలీలేదన్నా."

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది?

"తగిలిందప్పా," అన్నాను. "టప్పుమని చప్పుడు వచ్చింది. నేను విన్నాను."

ఆయన తన చేతులను చూసుకున్నాడు. "అప్పుడే చెప్పుంటే బాగుండునే అన్నా."

"అంత పెద్ద దెబ్బ అనుకోలేదు," అన్నాను. అబద్ధానికి నిలబడడానికి కాళ్ళు కావాలి. అప్పటికప్పుడు ఇచ్చాను.

భర్త మునిరాజు చొక్కా పట్టుకున్నాడు. మునిరాజు విడిపించుకోలేదు. చేతులు జోడించి, "తప్పు నాదే సామీ" అన్నాడు. నేను వాళ్ళిద్దరినీ విడదీసి, పెద్దమనిషిలా సర్దిచెప్పాను. ఆసుపత్రి ఖర్చంతా నేనే భరించాను. నన్ను మంచివాడన్నారు.

ఆమె లైను పనికి మళ్ళీ పోలేకపోయింది. నేను ఆ ఇంటికి ఒక్కసారి కూడా పోలేదు. మునిరాజు పోతాడు. మామిడి కాలంలో పళ్ళు తీసుకెళ్తాడు, ఇంట్లో ఏదైనా బరువు మార్చాల్సి వస్తే వ్యాను పెడతాడు. నా దగ్గరికీ ఇంకా వస్తూనే ఉన్నాడు. కానీ పడవను ఒంటరిగా ఎత్తడు. రెండో మనిషి ఉండాలి. దించాక నన్ను పిలుస్తాడు. "నువ్వు చూడన్నా. యాడన్నా తగిలిందేమో, నాకు తెలీదు." నేను చుట్టూ తిరిగి చూసి, బాగుంది అంటాను. ప్రతి ఆదివారం. ఎన్ని ఆదివారాలో నేను లెక్క పెట్టలేదు. లెక్క పెట్టకుండా వదిలేసింది నా జీవితంలో అదొక్కటే.

మొన్న ఒకరోజు పట్టీలు విప్పుతూ చెప్పాడు. "ఆయమ్మ నిన్న అన్నదన్నా. నీ మీద కోపం ఎప్పుడో పోయింది, ఇంక ఊరికే పళ్ళు మోసుకురావద్దు అని. ఏడ్చేసినానన్నా ఆడనే." చెప్పి మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె క్షమించింది. ఏ తప్పూ చేయని మునిరాజును. నాకు రావలసింది ఆయన చేతికి పోయింది. ఆయన దాన్ని అపురూపంగా దాచుకుంటున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ఆమె మళ్ళీ మొదటి నుంచి కోపగించుకోవాలి, ఈసారి సరైన మనిషి మీద. ఆయన ఈ ఆరేళ్ళను ఏం చేసుకోవాలి? వాళ్ళ కోసమే ఆగుతున్నానని కొన్నాళ్ళు అనుకున్నాను. వాళ్ళ కోసం కాదు. హోసూరు బజారులో నాకున్న పేరు కోసం.

ఇక్కడిదాకా రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. దానికి సిగ్గుగానూ ఉంది. వినవలసినవాళ్ళకు చెప్పకుండా మీకు చెప్పి తేలికపడ్డాను.

ఆసుపత్రి ఖర్చు తీరింది. వ్యాను బాడుగ ఏ వారానికావారం తీరుతోంది. వేళ్ళకు వెల కట్టలేను. తీర్చగలిగి ఉండీ తీర్చనిది ఒకటే, ఆ వరండాలో ఆయన అడిగినదానికి జవాబు. 'నువ్వు కాదప్పా, నేను.' ఈ రోజుకూ మూడు మాటలు బాకీ.